వెనకవైపు తీగ

బోర్డును పైకెక్కించి మేకులు బిగించేసరికి పొద్దు బాగా ఎక్కింది. నోర్మాన్ నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని తలెత్తి చూశాడు.

"ఎలా ఉందంటావ్?" అని క్యాంటీన్ కిటికీలోకి కేకేశాడు.

గిలేన్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఎర్ర బోర్డు మీద పసుపు అక్షరాలతో 'థెరియో వారి క్యాంటీన్' అని రాసి ఉంది. దాని కింద ముగ్గురూ ఉన్న ఫొటో. మధ్యలో నోర్మాన్, అతనికి కుడివైపు తల్లి ఆల్వీన్, ఎడమవైపు గిలేన్. ఫొటోలో గిలేన్ నోరారా నవ్వుతోంది. ఆ రోజు ఆమె నవ్వింది నిజమే. ఫొటో తీసినాయన ఏదో అంటే ఆదమరిచి నవ్వేసింది. కానీ బోర్డు మీద నవ్వుతున్న పళ్ళు ఆమెవి కావు.

ఆమె పై వరసలో ఎడమ కోరపన్ను పక్కదాన్ని తోసుకుని ముందుకొచ్చి ఉంటుంది. పెదవి మూసినా దాని మొన గుర్తు కనబడుతుంది. కింది వరసలో నాలుగు పళ్ళు చోటు చాలని బస్సులో జనంలా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. బోర్డు మీద అవేవీ లేవు. సబ్బు బిళ్ళలు పేర్చినట్టు రెండు వరసలూ తెల్లగా, తీరుగా ఉన్నాయి.

"ఆ పళ్ళు ఎవరివి?" అంది గిలేన్.

"నీవే. కంప్యూటర్లో కాస్త సర్దమన్నాను."

"నన్నడిగావా?"

"అడిగితే వద్దంటావు. ఆ బోర్డు కింద నిలబడి జనం తినాలి కదే. చూడగానే ఆకలి పుట్టాలిగానీ, ఉన్న ఆకలి చస్తే ఎలా?"

తలుపు దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఆల్వీన్ బంగాళాదుంపల తొక్క తీస్తోంది. ఎనభయ్యో పడిలో పడినా చేతి కత్తి ఎక్కడా తడబడదు. తలెత్తి బోర్డు వంక ఒక్క చూపు చూసింది.

"పళ్ళు బాగున్నాయి. ఎవరివో పాపం," అని మళ్ళీ దుంపల్లోకి వంగింది.

మధ్యాహ్నం ఓనిల్ వచ్చాడు. నోర్మాన్ చెల్లెలు లిజెట్ మొగుడు. చలికాలం రోడ్ల మీద మంచు తోస్తాడు, ఎండాకాలం అవే రోడ్లకు గుంటలు పూడుస్తాడు. నలుగురు పనివాళ్ళను వెంటేసుకొచ్చి బోర్డు కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"బావా, ఈ పైనున్నావిడ ఏ పూట పనిలోకొస్తుంది? మేం ఆ పూటే వస్తాం," అన్నాడు.

పనివాళ్ళు నవ్వారు. వాళ్ళందరి కంటే గట్టిగా నోర్మాన్ నవ్వాడు. గిలేన్ వేయించిన దుంపల మీద జున్నుముక్కలు చల్లి, మరిగే సాస్ పోసి, పుటీన్ పొట్లం కిటికీలోంచి ముందుకు తోసింది. పెదవి కదపలేదు. నలభయ్యేడేళ్ళ వయసులో ఆమెకు అలవాటైన విద్య అదొక్కటి: పై పెదవిని తెరలా కిందికి లాగి మాట్లాడటం, ఆవులించినా చెయ్యడ్డం పెట్టుకోవడం.

"కోపమొచ్చిందా చెల్లెమ్మా?" అన్నాడు ఓనిల్.

"చల్లారకముందే తినన్నయ్యా," అంది.

* * *

సోమవారం క్యాంటీన్‌కు సెలవు. వేయించే మూకుడుకు జల్లెడ కొనుక్కొస్తానని చెప్పి గిలేన్ కారు తీసింది. జల్లెడ కొన్నది కూడా. ఆ తర్వాత నది ఒడ్డున పళ్ళు సరిచేసే డాక్టరు పెల్తియే దగ్గరికి వెళ్ళింది. డాక్టరు ఆమె కంటే పదిహేనేళ్ళు చిన్నది. గదిలో గిలేన్‌తో పాటు కూర్చున్న వాళ్ళంతా బడి పిల్లలు. ఒక పిల్ల గిలేన్‌ను చూసి, ఈవిడ ఎవరి అమ్మమ్మా అన్నట్టు చుట్టూ వెతికింది.

డాక్టరు మూడు రకాలు బల్ల మీద పెట్టింది. మొదటిది మామూలు ఇనుప క్లిప్పులు. రెండోది గాజులా కనబడని ప్లాస్టిక్ తొడుగు. తినేటప్పుడు తీసి, తిన్నాక కడిగి పెట్టుకోవాలి. పెద్దవాళ్ళు చాలామంది దాన్నే తీసుకుంటారని చెప్పింది.

"రోజంతా సాస్ రుచి చూడటమే నా పని. మాటిమాటికీ తీసి ఎక్కడ పెట్టుకోను, ఉల్లిపాయల పక్కనా?"

డాక్టరు నవ్వి, మూడోదాన్ని ముందుకు జరిపింది. పళ్ళ నమూనా. ముందు నుంచి చూస్తే ఏమీ లేదు. తిప్పి చూస్తే ప్రతి పన్ను వీపుకూ ఒక చిన్న బిళ్ళ, బిళ్ళ నుంచి బిళ్ళకు తీగ.

"ఇది లోపలివైపు వేస్తాం. ఎవరికీ కనబడదు. కానీ నాలుక గీరుకుంటుంది. కొన్నాళ్ళు మాట నంగిగా వస్తుంది. ముఖ్యంగా 'స' పలకదు. కిటికీ దగ్గర నిలబడి రోజంతా మాట్లాడే పని అంటున్నారు, మీరు ఆలోచించుకోండి. ముందువైపు వేసుకుంటే ఇంత బాధ ఉండదు."

"వెనకే వెయ్యండి."

"ఎవరు చూడకూడదని?"

"ఇంట్లోవాళ్ళు."

డాక్టరు కాగితం మీదినుంచి తలెత్తింది. గిలేన్‌కు చెప్పక తప్పలేదు.

"నన్నడక్కుండా నా ఫొటోలో పళ్ళు మార్చి ఊరికి ఎత్తి చూపించాడు మా ఆయన. ఇప్పుడు నోట్లో ఇనుము కనబడిందనుకోండి, చూశారా, నా బోర్డు చూసి దానికి బుద్ధొచ్చింది అంటాడు. ఈ పన్ను పెదవిని కోస్తోంది. సరిగ్గా నమల్లేను. పాతికేళ్ళ నుంచీ బాగు చేయించుకోవాలనుంది. అది నా సంగతి. అతని బోర్డు సంగతి కాదు."

డాక్టరు కాగితం పక్కన పెట్టింది. నోరంతా కొలతలు తీసుకుంది. చలికాలమంతా బడిలో గదులు తుడిచి దాచుకున్న డబ్బు దానికి సరిపోయింది.

* * *

ఎండాకాలం మొదట్లో ఒక సోమవారం నాడు తీగ వేశారు. మంగళవారం పొద్దున గిలేన్ నాలుక ఎవరో ఇసక కాగితంతో రుద్దినట్టుంది. వేడిపాలు తాగి క్యాంటీన్‌కు వెళ్ళి, కిటికీ తలుపు పైకెత్తింది.

మొదటి కారు ఆగింది. ఇద్దరు పిల్లలతో ఒకావిడ. గిలేన్ సాసేజీలకు చీటీ రాసుకుని, వెనక మూకుడు దగ్గరున్న నోర్మాన్‌కు కేకేసింది.

"రెండు థాథేజీలు. థాథ్ వేథి."

ఆ మాట ఆమె నోటినుంచే వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు. కిటికీ బయట చిన్నపిల్లవాడు 'థాథ్ థాథ్' అని గెంతాడు. తల్లి వాడి చెయ్యి గుంజి, ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఏంటీ?" అన్నాడు నోర్మాన్.

"థాథేజీలు. రెండు."

"నోట్లో ఏం పెట్టుకుని మాట్లాడుతున్నావే?"

"నోరు పూథింది."

అతను గరిటె తిప్పుతూనే ఉన్నాడు. ఆమె అతనివైపే తిరిగి నిలబడింది. నోరు కాస్త తెరిచే ఉంది. ఒక్కసారి తల తిప్పి నోట్లోకి చూస్తే తీగ మెరుపు కంటబడేదే. అతను నూనెలోకి చూస్తూ, "అల్లం టీ తాగు," అన్నాడు.

దాచాలనుకున్నది ఆమే. అయినా అతను చూడకపోవడం ఆమెకు గుచ్చుకుంది.

బుధవారం ఓనిల్ కిటికీ మీద మోచెయ్యి ఆన్చి, ఆమె చేత 'సాసేజీ' అని మూడుసార్లు అనిపించుకున్నాడు. మూడోసారి పనివాళ్ళు కూడా గొంతు కలిపారు. వెళ్ళేటప్పుడు నోర్మాన్‌ను పక్కకు పిలిచి, సీసా ఎత్తినట్టు బొటనవేలు నోటివైపు వంచి ఏదో అడిగాడు. నోర్మాన్ నవ్వలేదు. గిలేన్ వంక అనుమానంగా చూశాడు.

గురువారం పొద్దున ఆమె వచ్చేసరికి కిటికీ దగ్గర లిజెట్ నిలబడి ఉంది. గిలేన్ కట్టుకునే ఆప్రాన్ తన నడుముకు చుట్టుకుంది.

"అన్నయ్య పిలిచాడు వదినా," అంది లిజెట్, చీటీల కట్ట సర్దుతూ. "నీకు ఒంట్లో బాగోలేదట కదా. జనం ఏదేదో అనుకుంటున్నారు. నువ్వు నాలుగు రోజులు వెనక ఉంటే మంచిది."

"జనం ఏమనుకుంటున్నారు?"

లిజెట్ కిటికీ తుడవటంలో మునిగిపోయింది.

వెనక అంటే ఆల్వీన్ రాజ్యం. గోడకు బిగించిన దుంపల కోత మిషను, మూడు తొట్ల నీళ్ళు, ప్లోయ్‌లనే పల్చటి అట్లు కాల్చే ఇనుప పెనం. కోడలు కాపురానికొచ్చిన నాటినుంచీ ఆ గదిలో ఆమెను ఆల్వీన్ చెయ్యి పెట్టనిచ్చింది తక్కువ. పెట్టిన ప్రతిసారీ తప్పే కనబడింది.

"నీళ్ళు మూడుసార్లు మార్చు. పిండి వదలకపోతే దుంప నల్లబడుతుంది," అంది. ఈ మాట పాతికేళ్ళుగా అంటూనే ఉంది.

గిలేన్ మిషను పిడి కిందికి లాగింది. దుంప నాలుగు పలకల కడ్డీలై బకెట్లో పడింది. ఇంకొకటి పెట్టి మళ్ళీ లాగింది. ఆల్వీన్ పెనం మీద బక్‌వీట్ పిండి పోసి, ప్లోయ్ మీద చిల్లులు తేలేదాకా చూసి, తిప్పకుండానే తీసి గుడ్డలో పెట్టింది. ఎదుటివాళ్ళతో పొడిగా ఉన్నా ప్లోయ్‌ల విషయంలో ఆమె చెయ్యి మెత్తన.

మధ్యాహ్నం ఇద్దరూ నిలబడే తిన్నారు. గిలేన్ ప్లోయ్‌ను పాలల్లో నానేసి, కుడి దవడకు తోసి, నమలకుండా మింగింది. తర్వాత గోడవైపు తిరిగి, తీగ గీరుకోకుండా జేబులోంచి మైనం ముక్క తీసి, వేలితో పళ్ళ వెనక అద్దుకుంది.

"తెరువు," అంది వెనకనుంచి ఆల్వీన్.

"ఏంటత్తయ్యా?"

"నోరు తెరవమంటున్నా. పూసింది ఎక్కడో చూస్తా."

"తగ్గిపోతుందిలెండి."

ఆల్వీన్ పిండి అంటిన చేత్తో కోడలి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఆ చేతిని తోసేయడానికి గిలేన్‌కు పెద్ద బలం అక్కర్లేదు. కానీ తొయ్యలేదు. నోరు తెరిచింది. ఆల్వీన్ వంగి, కళ్ళు చిట్లించి, పొయ్యిలోకి చూసినట్టు లోపలికి చూసింది. చాలాసేపే చూసింది.

"నీకిదేం పోయేకాలం? ఎవరి కోసం?"

"నా కోథమే."

"అబద్ధం. బోర్డు కోసం."

"బోర్డు కోథమైతే ముందువైపు వేయించుకుని ఊరంతా తిరిగేదాన్ని."

ఆల్వీన్ గడ్డం వదిలేసింది. చేతిపిండి కోడలి ముఖానికి అంటుకుంది. అది తుడవలేదు, తుడుచుకోమనీ చెప్పలేదు.

"నేను వాడికి చెప్పను. చెప్పాల్సిన ఖర్మ నాకేం పట్టింది? మూడో తొట్టి నీళ్ళు మార్చు."

ఆ రోజంతా మళ్ళీ మాట్లాడలేదు. శుక్రవారం, శనివారం కూడా అంతే. కాకపోతే గరిటెలు పక్కన పెట్టేటప్పుడు విసురు ఎక్కువైంది. ఒకటి రెండుసార్లు గిలేన్ తలెత్తేసరికి ముసలావిడ తన నోటివంకే చూస్తూ ఉంది. ఆ చూపులో జాలి లేదు. ఎదుటివాళ్ళ కంచంలో వడ్డించినదాన్ని చూసే చూపు అది.

* * *

సోమవారం మధ్యాహ్నం అందరికీ ఆల్వీన్ ఇంట్లోనే భోజనం. కోడి పులుసు, అందులో ఉడికించిన పిండి ముద్దలు, గుడ్డలో చుట్టిన ప్లోయ్‌లు, వెన్న. నోర్మాన్, గిలేన్, లిజెట్, ఓనిల్. బల్ల చివర ఆల్వీన్.

పులుసు రెండోసారి వడ్డించాక నోర్మాన్ లేచి, తగిలించిన కోటు జేబులోంచి ఒక చిన్న నీలం సీసా తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. డాక్టరు పుక్కిలించమని ఇచ్చిన మందు అది. పైన అంటించిన కాగితాన్ని గిలేనే చింపేసింది.

"మైదా డబ్బా వెనక దొరికింది," అన్నాడు. గొంతు మెత్తగా పెట్టాడు. ఆ మెత్తదనం చూసి గిలేన్ చెంచా కింద పెట్టేసింది. "వాసన చూశాను. పుదీనా వాసన వెనక ఘాటు ఎవరికి తెలియదు? నేను అరవడం లేదు. నలుగురిలో పెట్టింది కూడా నీ మంచికే. వారం నుంచీ నీ మాట తడబడుతోంది. గిన్నెలో మొహం పెట్టి తాగుతావు తప్ప తినవు. కిటికీ దగ్గర నా పరువు పోయింది."

"అది మందు," అంది గిలేన్.

"మందే. అదే చెబుతున్నా," అన్నాడు నోర్మాన్. ఓనిల్ ముక్కులోంచి నవ్వి, పెళ్ళాం మోచెయ్యి తగిలి ఆపాడు.

"చర్చి కింద గదిలో మంగళవారం మంగళవారం కూర్చుంటారట, తాగుడు మానేసినవాళ్ళు. రేపు నేనే తీసుకెళ్తాను. మానేదాకా లిజెట్ కిటికీ చూస్తుంది."

నోరంతా తెరిచి చూపిస్తే చాలు. అందరికీ కనబడుతుంది. గిలేన్‌కు ఆ సంగతి తెలుసు. బల్ల కింద రెండు చేతులూ ఒకదాన్నొకటి నలుపుకున్నాయి. తెరిస్తే అతను ముందు తెల్లబోతాడు, తర్వాత హాయిగా నవ్వుతాడు, తర్వాత ఇదంతా తన బోర్డు చలవేనంటాడు. ఆమె పెదవులు బిగించే కూర్చుంది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. వాటిని చూసి నోర్మాన్, చూశారా అన్నట్టు తలాడించాడు.

బల్ల చివర ఏదో టక్కుమంది.

ఆల్వీన్ తన పై వరస కట్టుడుపళ్ళు తీసి కంచం పక్కన పెట్టింది. తర్వాత కింది వరస. రెండూ పులుసు తడితో మెరుస్తున్నాయి. ఆమె ముఖం ఒక్కసారిగా సగానికి ముడుచుకుంది, గడ్డం ముక్కు దగ్గరికి వచ్చింది. కన్న పిల్లలిద్దరూ ఆ ముఖాన్ని అంతవరకూ చూడలేదు. పెళ్ళైన నాటినుంచి తలుపు గడియ పెట్టుకోకుండా ఆ పళ్ళు తీసిన మనిషి కాదు ఆమె.

"అమ్మా, భోజనాల దగ్గర ఏంటిది?" అంది లిజెట్.

"నేను కూడా తాగే వచ్చానంటావేమిట్రా?" అంది ఆల్వీన్ కొడుకుతో. పళ్ళు లేని నోట్లో మాట ఈలలా, గాలిలా చెదిరిపోయింది. కొడుకుకు మొదట అర్థం కాలేదు. ఆమె మళ్ళీ అంది, ఇంకా గట్టిగా. "నా మాట కూడా తడబడుతోంది. నన్ను కూడా తీసుకెళ్ళు మంగళవారం."

"అమ్మా, ముందవి పెట్టుకో."

"పద్దెనిమిదేళ్ళకు నా పళ్ళు పీకించారు. పెళ్ళికి ముందు వారం. ఒక్క పూటలో, పైవీ కిందవీ అన్నీ. పుచ్చినవి రెండో మూడో. మిగతావన్నీ మంచివే. అత్తారింట్లో పళ్ళ వైద్యం ఖర్చు ఉండకూడదని మా నాన్న పెళ్ళికానుకగా చేయించాడు. మీ నాన్న ఆయనకు చెయ్యి కలిపి కృతజ్ఞతలు చెప్పాడు. అందరూ సంతోషించారు. పళ్ళు ఎవరివో ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు."

ఓనిల్ చేతిలో ప్లోయ్ సగం మడతలోనే ఉండిపోయింది.

"ఆ సీసాలో సారా లేదు. నీ పెళ్ళాం పళ్ళకు తీగ కట్టించుకుంది. నాలుక గీరుకుని మాట రావట్లేదు. వారం రోజులు నీ కళ్ళముందే తిరిగింది. నూనెలో ఈగ పడితే చూస్తావు కదరా, నువ్వు."

నోర్మాన్ గిలేన్ వైపు తిరిగాడు. "తీగా? ఏదీ?"

గిలేన్ అతని కళ్ళలోకే చూసింది. పెదవులు విప్పలేదు.

"అడుగుతున్నా కదా, చూపించు."

"చూపించదు," అంది ఆల్వీన్. "పులుసు చల్లారుతోంది. తినండి."

వాళ్ళు తిన్నారు. ఆల్వీన్ పళ్ళు బల్ల మీదే ఉన్నాయి. ముద్దలను చిగుళ్ళతో నలుపుతూ, చప్పుడు చేస్తూ, తొందర లేకుండా కంచం ఖాళీ చేసింది. ఓనిల్ ముందు లేచాడు, పని ఉందన్నాడు. సెలవు రోజు ఏం పనని ఎవరూ అడగలేదు. నోర్మాన్ నీలం సీసాను ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకోబోయి, మళ్ళీ తీసి భార్య కంచం పక్కన పెట్టి బయటికి నడిచాడు.

గిన్నెలు కడిగేటప్పుడు అత్తా కోడళ్ళిద్దరే మిగిలారు. గిలేన్ తోముతోంది, ఆల్వీన్ తుడుస్తోంది. పళ్ళు ఇంకా పెట్టుకోలేదు.

"థాంక్థ్ అత్తయ్యా," అంది గిలేన్.

"నీ కోసం కాదు. నువ్వంటే నాకేం ప్రేమ పొంగిపోవట్లేదు," అంది ముసలావిడ. తుడిచిన పళ్ళేన్ని మళ్ళీ తుడిచింది. "నొప్పా?" అంది.

"చాలా. రాత్రిళ్ళు పళ్ళన్నీ కదిలిపోతున్నట్టుంటుంది."

ఆల్వీన్ తలాడించింది.

"నాకు రెండు వారాల్లో పోయింది నొప్పి. తర్వాత ఇంకెప్పుడూ రాలేదు. రావడానికి ఏముంది అక్కడ?"

గిలేన్ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"ఆ మూకుడు అడుగు సరిగ్గా తోము," అంది ఆల్వీన్.

* * *

మంగళవారం పొద్దున లిజెట్ ఆప్రాన్ కట్టుకుంటూ ఉండగా ఆల్వీన్ వెనకగదిలోంచి పిలిచింది. ఉల్లిపాయలు తరగాలంది. లిజెట్ అన్న వైపు చూసింది. నోర్మాన్ మూకుడు కింద మంట సర్దుతున్నాడు, తలెత్తలేదు. లిజెట్ ఆప్రాన్ విప్పి వదినకిచ్చి లోపలికి వెళ్ళింది.

గిలేన్ కిటికీ తలుపు పైకెత్తి కడ్డీ తగిలించింది. అప్పటికే రోడ్డు పనివాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఓనిల్ అందరికంటే వెనక, టోపీ కళ్ళమీదికి లాక్కుని ఉన్నాడు. ముందున్నతను ఏం కావాలో చెప్పి, ఆమె నోటివైపు చూస్తూ ఆగాడు. గిలేన్ చీటీ రాసింది. వెనక్కి తిరిగి, గొంతు తగ్గించకుండా చెప్పింది.

"ఆరు థాథేజీలు. థాథ్ వేథి."

వరసలో ఎవరో సన్నగా దగ్గారు. ఎవరూ గొంతు కలపలేదు.

"ఎన్ని?" అన్నాడు నోర్మాన్. అడిగేటప్పుడు తల తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు. పాతికేళ్ళలో పని మధ్యలో అలా చూడటం ఆమె ఎరగదు. చూపు ఆమె పెదవుల దగ్గరే తచ్చాడింది, లోపల ఏముందో కనబడుతుందేమోనని.

"ఆరు థాథేజీలు," అంది ఆమె, అదే గొంతుతో, పెదవిని కిందికి లాక్కోకుండా.

ముందువైపు అతనికి కనబడింది పాత కోరపన్నే. తీగ కనబడలేదు. అతను నూనెవైపు తిరిగి ఆరు లెక్కపెట్టి వేశాడు.